వచ్చేటప్పుడు ఒక రూలు, పోయేటప్పుడు ఇంకో రూలు: మా గోదావరి ప్రయాణం

రాజమండ్రిలో లాడ్జి తీసుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఒక్క మాట అడగండి: "మీ దగ్గర రోజు ఎన్ని గంటలకు మొదలవుతుంది?" మేం అడగలేదు.

నిజానికి మాకు లాడ్జి అవసరమే లేదు. మా ఆయన మేనల్లుడు అక్కడే ఉంటాడు. కానీ వాళ్లమ్మాయికి పదో తరగతి పరీక్షలు, ఇల్లేమో రెండు గదుల ఫ్లాటు. "ఆ పిల్ల చదువుకుంటుంటే పక్కన నేను గురక పెట్టాలా?" అని మా ఆయనే ఫోన్‌లో ఏసీ గది బుక్ చేశారు. రెండు రాత్రులకు 2,860 రూపాయలు, ముందే కట్టేశారు. ఆ సంగతి తెలిసి మేనల్లుడు అలిగాడు. "నేనుండగా లాడ్జిలో దిగుతారా మావయ్యా, అమ్మకి ఏం చెప్పాలి?" అన్నాడు.

హనుమకొండ నుంచి బయల్దేరి విజయవాడలో మా పిన్ని కూతురింట్లో ఒక రాత్రి ఉన్నాం. హాయిగా గడిచింది. మర్నాడు పొద్దున్నే రైలెక్కాం. పూర్తి చార్జీయే, ఎందుకంటే నాకు యాభై ఎనిమిది నిండకముందే, 2020 మార్చిలో, రైల్వే వాళ్లు పెద్దవాళ్ల రాయితీ ఎత్తేశారు. అంతకుముందైతే ఆడవాళ్లకు సగం, మగవాళ్లకు నలభై శాతం తగ్గేది. టికెట్ కొన్న ప్రతిసారీ ఈ మాట అనకపోతే నాకు తోచదు. గోదావరి మీదికి రైలు రాగానే మా ఆయన కిటికీ దగ్గరికి జరిగి, 1997లో రైళ్లు ఆపేసిన పాత హేవలాక్ వంతెన చూపించి సంబరపడ్డారు. ఆ సంబరం లాడ్జి గుమ్మం దాకానే.

పదింటికి చేరాం. కౌంటర్‌లో కుర్రాడు తల ఎత్తకుండానే, "చెకిన్ పన్నెండింటికి సార్. ఇప్పుడే కావాలంటే 500 అవుతుంది" అన్నాడు. ఎండ, సామాను, మా ఆయన మోకాళ్లు చూసి ఇచ్చేశాం. ఆధార్ కార్డు చూపిస్తే చాలదట, జిరాక్స్ కావాలట. దానికి నేను రోడ్డు దాటి వెళ్లొచ్చాను. లిఫ్టు పనిచేయడం లేదు, గది మూడో అంతస్తులో. కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడ, చెయ్యి చాపితే అందుతుంది. దుప్పటి మీద టీ మరక. మార్చమని ఫోన్ చేస్తే ఇంకోటి తెచ్చాడు, దాని మీద కూడా మరకే, కాస్త చిన్నది. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఏడు దాకానే అని బాత్‌రూమ్ తలుపు మీద రాసి ఉంది. "మీ మేనల్లుడింట్లో నేల మీద పడుకున్నా ఇంతకంటే నయం" అన్నాను. ఆ సాయంత్రం దాకా ఆయన నాతో మాట్లాడలేదు. రోజ్‌మిల్క్ తాగించాక మాట్లాడారు. రాజమండ్రి వెళ్లి అది తాగకుండా రాకండి.

అసలు కథ ఖాళీ చేసే రోజున జరిగింది. పదకొండింటికి తాళం ఇస్తే అదే కుర్రాడు, "మాది ఇరవై నాలుగు గంటల పద్ధతి సార్. మీరు పదింటికి దిగారు, గంట దాటింది, సగం రోజు చార్జీ 700 కట్టాలి" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. పన్నెండింటికి ముందు దిగినందుకు ఐదు వందలు తీసుకున్నవాడే ఇప్పుడు లెక్క పదింటి నుంచి మొదలుపెట్టాడు!

మా ఆయన నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. కాకతీయ కాలువ మీద పనుల కొలతలు రాసిన చెయ్యి ఊరుకోదు. అన్నీ డైరీలో టైముతో సహా రాస్తారు, నేను నవ్వుతుంటాను. ఆ రోజు డైరీ తీసి కౌంటర్ మీద పెట్టి, "బాబూ, నీ రోజు పన్నెండింటికి మొదలైతే ఈ ఏడు వందలు లేవు. పదింటికి మొదలైతే నా ఐదు వందలు వెనక్కి ఇవ్వు. ఏదో ఒకటి చెప్పు, బిల్లు మీద రాసి సంతకం పెట్టు" అన్నారు. కోపం లేదు, గొంతు పెంచలేదు. బిల్లు అనగానే కుర్రాడు లోపలికి వెళ్లాడు. మేనేజరు వచ్చి ఏడు వందలు అడగడం మానేశాడు కానీ ఐదు వందలు మాత్రం ఇవ్వలేదు. "వెళ్లండి సార్, పెద్దవారు" అన్నాడు. పెద్దవాళ్లమని అప్పుడు గుర్తొచ్చింది.

అక్కడి నుంచి ఆత్రేయపురం దగ్గర మా వదినగారి ఊరికి. సొంత వదిన కాదు. వాళ్లాయన బ్యాంకు ఉద్యోగం వల్ల హనుమకొండలో తొమ్మిదేళ్లు మా పక్కింట్లో ఉన్నారు. పల్లెవెలుగు బస్సెక్కి నేను ధీమాగా ఆధార్ చూపించాను. కండక్టర్ చూసి నవ్వాడు. "అమ్మా, మీది తెలంగాణ అడ్రసు. ఆడవాళ్లకు ఫ్రీగా ఇచ్చే జీరో టికెట్ మా రాష్ట్రం వాళ్లకే. అరవై దాటారు కాబట్టి ఇద్దరికీ పావు వంతు తగ్గిస్తా" అన్నాడు. తగ్గించగా ఇద్దరికీ 50 రూపాయలు. మా ఊళ్లో 2023 డిసెంబర్ నుంచి నేను ఫ్రీగా తిరుగుతుంటే ఆయన టికెట్ కొంటున్నారు. ఇక్కడ ఇద్దరం సమానమయ్యామని ఆయనకు మహా ఆనందం.

ఆ ఆనందం ధవళేశ్వరం దగ్గర రెట్టింపయింది. దిగుదాం అన్నారు, దిగాం. కాటన్ మ్యూజియంలో రెండు గంటలు! 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట ఎలా పూర్తి చేశారో అక్కడికొచ్చిన కాలేజీ పిల్లలకు కూడా చెప్పారు. నేను చెట్టు కింద కూర్చుని చెప్పులు విప్పి కాళ్లు చాపుకున్నాను.

వదినగారింటికి చేరేసరికి రెండున్నర. విస్తళ్లు వేసి ఎదురుచూస్తున్నారు. మామిడికాయ పప్పు, వడియాలు, వాటి పక్కన ఆవ పెట్టిన పనసపొట్టు కూర. మా వైపు పనస అంటే తొనలే. లేత కాయను కత్తితో అంత సన్నగా కొట్టి కూర చేస్తారని విన్నానే కానీ తినలేదు. మొదటి ముద్దకే ముక్కులోంచి ఘాటు పైకెక్కింది, ఆ వెనకే జీడిపప్పు తగిలింది. లాడ్జి మొదలు ఏ తిండికీ వంక పెట్టకుండా ఉండని మా ఆయన మూడుసార్లు వడ్డించుకున్నారు. "ఆవ పొయ్యి దించాక, కూర చల్లారాకే కలపాలి. వేడి మీద కలిపారో, చేదే" అని వదినగారు నాకు రెండుసార్లు చెప్పారు. వెళ్లేటప్పుడు కొట్టిన పొట్టు ఒక సంచీ కట్టిచ్చారు. పూతరేకులు మాత్రం మేమే కొన్నాం. బెల్లం, నెయ్యి వేసినవి పది 180 రూపాయలు. పంచదారవి కొనకండి, దండగ.

తిరుగు ప్రయాణంలో రాత్రి రైలు, ఇద్దరికీ కింది బెర్తులే వచ్చాయి, నిద్రపోయాం.

ఇంటికొచ్చిన మర్నాడే పనసపొట్టు వండాను. గ్యాస్ సిలిండర్ అబ్బాయి వచ్చి తలుపు కొట్టాడు, ఆ తొందరలో ఆవ వేడి మీదే కలిపేశాను. మా ఆయన ఒక ముద్ద తిని, ఏమీ అనకుండా లేచి డైరీ అందుకున్నారు.