ప్లాయా దెల్ కార్మెన్‌లో నాలుగు రాత్రులు: ఎక్కడ ఉండాలి, ఏది వదిలేయాలి

మెక్సికో తీరంలోని ప్లాయా దెల్ కార్మెన్ చేరిన మొదటి రోజు సాయంత్రం పాప చెప్పులు విప్పేసి సముద్రం వైపు పరుగెత్తింది. నీళ్ళ దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. ఒడ్డు పొడవునా గోధుమరంగు నాచు గుట్టలు, వాటి వెనక డికాషన్ రంగులో నీళ్ళు, కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఫొటోల్లో చూసి మురిసిపోయిన నీలం రంగు ఎక్కడో దూరంగా ఒక గీతలా ఉంది.

దీన్ని సర్గాస్సం అంటారు. అట్లాంటిక్‌లో తేలుతూ పెరిగే నాచు. 2011 నుంచి విపరీతంగా పెరిగి, కరీబియన్ తీరాలకు కొట్టుకొస్తోంది. మెక్సికో వైపు ఎక్కువగా ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా దీని బెడద. మేం వెళ్ళింది మే నెలాఖరు లాంగ్ వీకెండ్‌కి. టికెట్లు చౌకగా దొరికాయని సంబరపడ్డానే గానీ సముద్రం ఆ నెలలో ఎలా ఉంటుందో చూడలేదు. కేవలం బీచ్ కోసమే వెళ్ళేవాళ్ళు నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి లోపు చూసుకోండి. వేసవి సెలవుల్లోనే కుదురుతుందంటే కూడా మానుకోనక్కర్లేదు. మా యాత్ర బాగానే జరిగింది, అయితే ప్లాన్ మొత్తం మార్చుకోవాల్సి వచ్చింది.

వెళ్ళింది నలుగురం: నేను, మా ఆయన, ఏడేళ్ళ పాప, తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న అమ్మ. అమ్మ శాకాహారి, పైగా మోకాళ్ళ నొప్పులు. డల్లాస్ నుంచి కాన్‌కున్‌కి విమానంలో మూడు గంటల లోపే. అక్కడి నుంచి దక్షిణంగా 55 కిలోమీటర్ల దూరంలో ప్లాయా దెల్ కార్మెన్.

మనవాళ్ళు మొదట అడిగేది వీసా గురించి కాబట్టి అది చెప్పేస్తాను. భారత పాస్‌పోర్ట్ ఉన్నా, అందులో గడువు తీరని అమెరికా వీసా స్టాంప్ ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. గ్రీన్ కార్డ్ ఉన్నా సరే. అమ్మ విజిటర్ వీసా కూడా సరిపోయింది. పొరపాటు జరిగేది హెచ్1బీ వాళ్ళ దగ్గర. ఎక్స్‌టెన్షన్ అప్రూవల్ కాగితం ఉంది కదా అని స్టాంప్ గడువు దాటిపోయినా బయల్దేరతారు. అమెరికాలో ఉండటానికి ఆ కాగితం చాలు, మెక్సికోలో అడుగు పెట్టడానికి చాలదు. టికెట్లు కొనే ముందు ఇంట్లో అందరి స్టాంపుల మీద తేదీలు చూసుకోండి.

ఎయిర్‌పోర్టు నుంచి ఒక వ్యాన్ ముందే బుక్ చేసి డబ్బులు కూడా కట్టాం. బయట ఎండలో గంట నిలబడ్డా మా పేరున్న బోర్డు కనపడలేదు, ఫోన్ ఎత్తలేదు. అమ్మని, పాపని అలా నిలబెట్టినందుకు ఇప్పటికీ బాధగా ఉంది. చివరికి లోపలికి వెళ్ళి ఏడీఓ అనే కంపెనీ బస్సు టికెట్లు కొన్నాం. ఏసీ బస్సు, సామాను కింద పెట్టి చీటీ ఇస్తారు, గంటా పావులో ఊరి మధ్యలో దింపేసింది. ముందే ఈ పని చేసి ఉండాల్సింది. ఇంకో మాట: కస్టమ్స్ దాటగానే టై కట్టుకుని చాలామంది ఆప్యాయంగా పలకరిస్తారు, టాక్సీ కావాలా, మ్యాప్ కావాలా అని. వాళ్ళలో ఎక్కువమంది టైమ్‌షేర్, అంటే ఏటా కొన్ని రోజులు రిసార్ట్‌లో ఉండే హక్కు, అమ్మేవాళ్ళు. ఆగకుండా నడిచి బయటికి వచ్చేయండి.

బస విషయంలో మేం రెండు రకాలూ చూశాం. మొదటి రెండు రాత్రులు ప్లాయాకార్‌లో ఒక పెద్ద ఆల్ ఇన్‌క్లూజివ్ (తిండితో సహా అన్నీ ముందే కట్టిన డబ్బులోనే) రిసార్ట్, తర్వాతి రెండు రాత్రులు ఊళ్ళో చిన్న హోటల్.

ప్లాయాకార్ అంటే ఫెర్రీ రేవుకి దక్షిణాన గేట్లు, కాపలా ఉన్న పేట. చెట్లు, నీడ, శుభ్రమైన రోడ్లు. రిసార్ట్‌లో పాపకి ఈత కొలను నచ్చింది, దాన్ని నీళ్ళలోంచి బయటికి తీయడానికి రోజూ బతిమాలాల్సి వచ్చింది. కానీ మధ్యాహ్నం మూడింటికి చేరితే గది అయిదున్నరకి ఇచ్చారు. మంచి రెస్టారెంట్లకి రిజర్వేషన్ కావాలి, మేం ఉన్న రెండు రోజులకీ దొరకలేదు. బఫేలో వంద రకాలున్నా అమ్మ తిన్నది అన్నం, పండ్లు, ఉడికించిన కూరగాయలు. రెండో రోజు ఉదయం మెంబర్‌షిప్ గురించి "పావుగంట మాట్లాడదాం" అని కూర్చోబెట్టి, గంటన్నర తర్వాత గానీ వదల్లేదు. నాలుగు రోజుల యాత్రలో గంటన్నర అంటే చిన్న విషయం కాదు. పైగా మూడు పూటలా తిండికి ముందే డబ్బు కట్టేశాం కాబట్టి బయటికి వెళ్తే నష్టమన్న లెక్క మనసులో తిరుగుతూనే ఉంటుంది.

ఊళ్ళో హోటల్‌కి మారాక కాళ్ళకి రెక్కలు వచ్చినట్టయింది. గదిలో చిన్న స్టవ్, ఫ్రిజ్, మూలన మన బబుల్ క్యాన్ లాంటి 20 లీటర్ల నీళ్ళ క్యాన్. ఇక్కడ కుళాయి నీళ్ళు తాగకూడదు కాబట్టి బస చూసేటప్పుడు ఈ క్యాన్ గురించి తప్పకుండా అడగండి. సూపర్‌మార్కెట్లో బియ్యం, పెరుగు తెచ్చి రాత్రి పెరుగన్నం కలిపి పెడితే అమ్మ మొహం వెలిగింది. వీధులు గళ్ళ నోటుబుక్కులా ఉంటాయి: సముద్రానికి సమాంతరంగా వెళ్ళేవి 5, 10, 15, 20 అవెన్యూలు, అడ్డంగా వచ్చేవి ఎక్కువగా సరిసంఖ్యల వీధులు. 5వ అవెన్యూ, అంటే కింతా అవెనీదలో బళ్ళు తిరగవు, నడకే. 12వ వీధి చుట్టుపక్కల తెల్లవార్లూ క్లబ్బుల మోత, పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు అక్కడ గది తీసుకోవద్దు. మేం 30వ వీధి దగ్గర ఉన్నాం, నిద్రకు ఏ ఇబ్బందీ లేదు. పాపకి కొలను కావాలంటే కొన్ని రిసార్టులు డే పాస్ ఇస్తాయి, ఒక రోజు అలా గడపొచ్చు. ఇంకోసారి వెళ్తే నాలుగు రాత్రులూ ఊళ్ళోనే ఉంటాను.

నాచు వల్ల బీచ్ పోయిందనుకున్న మమ్మల్ని ఆదుకున్నది కొసుమెల్ దీవి. రేవు నుంచి ఫెర్రీలో ముప్పావు గంట లోపే. తూర్పు నుంచి కొట్టుకొచ్చే నాచు దీవి తూర్పు ఒడ్డుకే తగులుకుంటుంది. ప్లాయా వైపు చూసే పడమటి ఒడ్డు చాలావరకు శుభ్రంగా ఉంటుంది. ఈ చిన్న సంగతి తెలియక ఎంతమంది నిరాశగా తిరిగిపోతున్నారో! పడమటి ఒడ్డున ఒక బీచ్ క్లబ్‌కి టాక్సీలో వెళ్ళాం. మీటర్ ఉండదు, ఎక్కే ముందే రేటు మాట్లాడుకోవాలి. కొన్ని క్లబ్బుల్లో ప్రవేశానికి విడిగా డబ్బు తీసుకోరు, మనిషికి ఇంత అని తిండికీ తాగడానికీ ఖర్చు పెడితే చాలు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. లైఫ్ జాకెట్ వేసుకుని పాప నీళ్ళలో ముఖం ముంచగానే పసుపు చారల చేపలు చూసి ఊపిరి పీల్చే గొట్టంలోంచే కేక పెట్టింది. అమ్మ నీడలో కూర్చుని ఆ రోజంతా సముద్రాన్నే చూస్తూ ఉంది.

ఫెర్రీ కోసం వేచి ఉన్నప్పుడు చదివిన విషయం ఒకటి అమ్మకి చెప్పాను. ప్లాయా పాత పేరు షమాన్-హా. ఈ ప్రాంతపు ప్రాచీన మాయా జాతి స్త్రీలు ఇక్కడి నుంచే దోనెల్లో కొసుమెల్ వెళ్ళి, కాన్పులను కాపాడే ఇష్‌చెల్ దేవతకి మొక్కుకునేవారట. "అయితే మనం వచ్చింది కూడా క్షేత్రానికేనన్నమాట" అంది అమ్మ. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ పడవ కాస్త ఊగింది. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళు మాత్ర వేసుకుని ఎక్కడం మేలు.

మరో రోజు తులుమ్‌లోని పాత మాయా కోట, సెనోటె అనే సహజమైన కోనేరు కలిపి చూశాం. కొలెక్తీవో అనే తెల్ల వ్యాన్లు 307 నంబరు హైవే మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. మన షేర్ ఆటో పద్ధతే: నిండగానే బయల్దేరతాయి, దిగే చోటు చెబితే ఆపుతారు. చౌక, వేగం, నాకు చాలా నచ్చాయి. అమ్మ మోకాళ్ళకి మాత్రం ఎక్కడం దిగడం కష్టమైంది. పెద్దవాళ్ళు ఉంటే ఆ ఒక్క రోజుకీ కారు మాట్లాడుకోండి.

తులుమ్ కోట సముద్రపు కొండచరియ అంచున ఉంది, మూడు వైపులా గోడ, నాలుగో వైపు కరీబియన్. ఆ దృశ్యం కోసం తప్పకుండా వెళ్ళొచ్చు. కానీ ఒకటికి మించి టికెట్లు కొనాలి, గేటు నుంచి చాలా నడవాలి, లోపల నీడ దాదాపు లేదు. ఉదయం ఎనిమిదికి చేరితే సరే. పదిన్నర తర్వాత చిన్న పిల్లలతో నేను మాత్రం వెళ్ళమని చెప్పను.

అక్కడి నుంచి వెనక్కి వచ్చేటప్పుడు సెనోటె అసూల్ దగ్గర దిగాం. ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు ఇదే. ఈ ద్వీపకల్పం పేరు యుకతాన్, నేల అంతా సున్నపురాయి. వాన నీళ్ళు పైన నిలవకుండా లోపలికి ఇంకిపోతాయి, అందుకే ఉత్తర యుకతాన్‌లో నేల మీద పారే నదులే లేవు. కింద గుహల్లో నీళ్ళు పారుతూ, ఎక్కడైనా పైకప్పు కూలితే అక్కడ ఒక కోనేరు ఏర్పడుతుంది. అదే సెనోటె. 2018లో సాక్ అక్తున్, దోస్ ఓహోస్ గుహలు నీటి అడుగున కలిసే ఉన్నాయని ఈతగాళ్ళు కనుక్కున్నారు. అలా కలిపి చూస్తే అప్పటికి కొలిచిన ఆ గుహల పొడవు 347 కిలోమీటర్లు. మాయా ప్రజలకి ఈ నీళ్ళే ప్రాణం, వాన దేవుడు చాక్‌కి ఇక్కడే మొక్కేవారు.

సెనోటె అసూల్‌లో పైకప్పు లేదు, ఒక పక్క లోతు తక్కువ, పిల్లలకి అనుకూలం. నీళ్ళు చల్లగా, అడుగున రాళ్ళు లెక్కపెట్టగలిగేంత తేటగా ఉన్నాయి. సన్‌స్క్రీన్ రాసుకుని దిగకూడదు, ముందు స్నానం చేయాలి. అక్కడి చేపల కోసం పెట్టిన నియమం అది, దయచేసి పాటించండి. అమ్మ చీర కుచ్చిళ్ళు పైకెత్తి రాయి మీద కూర్చుని కాళ్ళు ముంచింది. చిన్న చేపలు వచ్చి పాదాలు కొరుకుతుంటే చిన్నపిల్లలా నవ్వింది. డబ్బులు పెసోల్లో, నగదుగా తీసుకెళ్ళండి.

చిచెన్ ఇట్సా అనే పాత మాయా నగరాన్ని వదిలేశాం. ప్లాయా నుంచి వెళ్ళడానికి రెండున్నర గంటలు, రావడానికి అంతే. నాలుగు వైపులా 91 మెట్లు, పైన ఒకటి కలిపి 365 మెట్లున్న ఆ పిరమిడ్ చూడాలని మా ఆయనకి చాలా కోరిక. కానీ ఎలాగూ ఎక్కనివ్వరు, ఒక రోజంతా బస్సులోనే పోతుంది. వారం రోజులు ఉండేవాళ్ళు వెళ్ళాలి, నాలుగు రోజుల వాళ్ళు వద్దు.

తిండి విషయంలో శాకాహారులకి టెన్షన్ అక్కర్లేదు, రెండు మాటలు నేర్చుకుంటే చాలు. "సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో" అంటే మాంసం, కోడి, చేప లేకుండా అని. రెండోది ముఖ్యం: "యేవా మంతేకా?" చిక్కుళ్ళ ముద్దలో పంది కొవ్వు వేశారా అని అడగడం. చాలా చోట్ల వేస్తారు. అడిగితే ఎవరూ విసుక్కోలేదు, లోపలికి వెళ్ళి కనుక్కుని మరీ చెప్పారు. నల్ల చిక్కుళ్ళు, అప్పుడే పెనం మీద కాల్చిన మొక్కజొన్న రొట్టె, నాగజెముడు జాతి నోపాల్ ముక్కల టాకో, పక్కన హబనేరో పచ్చడి. గుంటూరు కారం తిన్న నాలుకకి కూడా ఆ పచ్చడి గట్టిదే. వీధి బండి మీద మామిడి ముక్కలకి ఉప్పూ కారం నిమ్మరసం పట్టించి ఇస్తే పాప రెండు గ్లాసులు ఖాళీ చేసింది.

ఏటీఎంలో డబ్బు తీసేటప్పుడు యంత్రమే డాలర్ల లెక్క చూపించి ఒప్పుకోమంటుంది. వద్దని నొక్కండి, మీ బ్యాంకు రేటే మేలు.

"ఆగ్వా దె హమైకా" అని ఎర్రటి షర్బత్ అన్ని చోట్లా ఇస్తారు. పుల్లగా, చల్లగా ఉంటుంది. అమ్మ ఒక గుక్క తాగి "ఇది గోంగూర పులుపే" అంది. నిజమే, అదే మొక్క. ఆకు కాకుండా, పువ్వు రాలాక కాయని చుట్టి ఉండే ఎర్ర రేకుల్ని ఎండబెట్టి వాడతారు. తిరిగి వచ్చే ముందు అర కిలో కొనిపించింది. డల్లాస్‌లో దిగాక కస్టమ్స్‌లో చెప్పి చూపించాం, చూసి ఇచ్చేశారు. ఇప్పుడు మా వంటింట్లో సీసాలో ఉన్నాయి. అమ్మ వాటితో పచ్చడి చేసింది, ఎండుమిర్చి కాస్త ఎక్కువ వేయాల్సి వచ్చింది.