సోర్స్ ఫైళ్లతో సహా అప్పజెప్పిన డిజైనర్: ఏడాది తర్వాత నా రివ్యూ

మాకు మొక్కల నర్సరీ ఉంది. ఏడాదికి రెండుసార్లు కేటలాగ్ వేస్తాం, 24 పేజీలు, ప్రతి మొక్కకీ ఫొటో, పేరు, ఎంత ఎండ కావాలి, ఏ సైజు కుండీ, రేటు. ఆ కేటలాగ్‌నీ, దాంతో పాటు మా లోగోనీ చేసిపెట్టిన ఫ్రీలాన్స్ డిజైనర్ సర్వీస్ గురించి ఈ రివ్యూ. ఆవిడ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నది పని అయ్యాక ఆవిడ దాన్ని మా చేతికి ఇచ్చిన పద్ధతి గురించి. డిజైన్ బాగుందా అంటే చాలా బాగుంది, అయితే బాగా డిజైన్ చేసేవాళ్లు వెతికితే దొరుకుతారు. సోర్స్ ఫైల్ (తర్వాత మార్చుకోవడానికి వీలుండే అసలు ఫైల్, వర్కింగ్ ఫైల్ అని కూడా అంటారు) విషయం మొదటి రోజే తనంతట తాను ఎత్తి మాట్లాడే డిజైనర్‌ని మాత్రం నేను అప్పటిదాకా చూడలేదు.

దీనికి ముందు జరిగింది చెప్తే ఇది నాకెందుకంత పెద్ద విషయమో తెలుస్తుంది. మొదటి కేటలాగ్ ఇంకొకరితో చేయించాం. పనిమంతుడే, టైముకి ఇచ్చారు. రెండో సీజన్‌కి రేట్లు మార్చాల్సి వచ్చి మెసేజ్ పెడితే, ఉద్యోగంలో చేరానండీ ఇప్పుడు ఖాళీ లేదు అన్నారు. అందులో ఆయన్ని తప్పుపట్టేదేమీ లేదు. సరే ఫైల్ ఇవ్వండి, వేరేవాళ్లతో మార్పించుకుంటాం అంటే, "ఫైనల్ పీడీఎఫ్ ఇచ్చాను కదండీ, వర్కింగ్ ఫైల్ నేనెవరికీ ఇవ్వను" అన్నారు. డబ్బు తీసుకుని అయినా ఇమ్మన్నాను, కుదరదన్నారు. మనం ఏం మాట్లాడుకున్నామో చూద్దామని పాత చాట్ తీస్తే "24 పేజీల కేటలాగ్, ప్రింట్‌కి రెడీగా" అన్న ఒక్క లైను తప్ప ఏమీ లేదు. ఎవరి వాదన వాళ్లకి కరెక్టే అనిపించడానికి ఆ ఒక్క లైను చాలు.

ఆ పీడీఎఫ్ పట్టుకుని ప్రింటింగ్ ప్రెస్‌కి వెళ్లాను. అక్కడి అబ్బాయి దాన్ని ఇలస్ట్రేటర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, గులాబీల పేజీలో ఒక రేటు మీద క్లిక్ చేశాడు. కర్సర్ రాలేదు. అంకె చుట్టూ నీలం చుక్కలు మాత్రం వచ్చాయి. 8 అంటే అక్కడ అంకె కాదు, బయట ఒక గీత, లోపల రెండు సున్నాలు, అంతే. చెరిపెయ్యొచ్చు, కానీ దాని చోట ఇంకో అంకె టైప్ చెయ్యలేం. అక్షరాలన్నీ అవుట్‌లైన్ చేసేశారని, అంటే టైప్ చేసినవాటిని గీసిన బొమ్మలుగా మార్చేశారని అప్పుడు తెలిసింది. ప్రెస్‌లో ఫాంట్ లేకపోయినా అక్షరాలు చెదరకూడదని అలా చెయ్యడం మామూలేనట, కాబట్టి ఆయన మోసం చేశారని నేననను. కానీ అలాంటి ఫైల్ ఒక్కసారి ప్రింట్ చేసుకోవడానికే పనికొస్తుంది. చివరికి ప్రతి రేటు మీదా వెనక ఉన్న లేత ఆకుపచ్చ రంగులోనే చిన్న పెట్టె అతికించి, పైన దగ్గరగా కనిపించే వేరే ఫాంట్‌లో కొత్త రేటు వేశాడు. రెండు రోజులు పట్టింది. ప్రింట్ చేతికొచ్చాక చూస్తే ఆ పెట్టెల అంచులు కొన్ని చోట్ల తెలిసిపోతున్నాయి. కొన్నవాళ్లు పట్టించుకున్నారో లేదో గానీ, నాకు మాత్రం ఆ సీజన్ అంతా ఆ కేటలాగ్ ఎవరి చేతిలో చూసినా కళ్లు ఆ అతుకుల మీదికే పోయేవి.

అందుకే ఈసారి కొత్త డిజైనర్‌తో మాట్లాడేటప్పుడు సోర్స్ ఫైల్ గురించి గట్టిగా అడగాలని తయారై కూర్చున్నాను. నేను నోరు తెరవకముందే ఆవిడే అడిగారు: "ఈ కేటలాగ్‌ని తర్వాత సీజన్‌లో ఎవరు మారుస్తారండీ, మీరా, నేనా, ఇంకొకరా?" దాన్నిబట్టి ఫైల్ కట్టే విధానమే మారుతుందన్నారు. మర్నాడు పంపిన కొటేషన్‌లో ఫైనల్ ఫైళ్లు ఒక లైను, సోర్స్ ఫైళ్లు ఇంకో లైను, రెండింటికీ వేర్వేరు రేట్లు. లోగోకి మాత్రం అలా విడదీయలేదు, దాని వెక్టర్ ఫైళ్లన్నీ (ఎంత పెద్దది చేసినా మసకబారనివి) ఫీజులోనే. కవర్ మీద ఆవిడ స్వయంగా వేసిన బొమ్మకి లేయర్లున్న ఫైల్ (భాగాలు విడివిడిగా మార్చుకోగలిగేది) ఇవ్వనని, పెద్ద సైజులో ఫ్లాటెన్ చేసిన, అంటే అన్నీ కలిపి ఒకటే చేసిన ఇమేజ్ మాత్రమే ఇస్తానని కూడా అక్కడే రాశారు.

సోర్స్‌కి విడిగా డబ్బేమిటి, పని చేయించుకున్నది నేనే కదా అని మొదట నాకు ఒళ్లు మండింది. అదే అడిగాను కూడా. ఆవిడ కోపం తెచ్చుకోకుండా స్క్రీన్ షేర్ చేసి ఫైల్ లోపల చూపించారు. ప్రతి పేజీకీ ఆధారమైన మాస్టర్ పేజీలు, మొక్క పేరుకి ఒక స్టైల్, రేటుకి ఒక స్టైల్, ఒక్కచోట సైజు మారిస్తే 24 పేజీల్లోనూ మారేలా కట్టిన అమరిక. ప్రింట్‌కి మాత్రమే అయితే ఇదంతా ఇంత శుభ్రంగా కట్టక్కర్లేదు, ఎలాగోలా పేర్చి పీడీఎఫ్ తీసేయొచ్చు, ఇంకొకరు వాడుకునేలా సర్దడం వేరే పని అన్నారు. పైగా ఆ ఫైల్ వెళ్లిపోతే తర్వాతి సీజన్ల పని కూడా ఆవిడ చేతుల్లోంచి పోయినట్టే. ఫిల్మ్ రోజుల్లో ఫొటోగ్రాఫర్లు కూడా మామూలుగా ఇలాగే ప్రింట్లు ఇచ్చి నెగెటివ్‌లు తమ దగ్గర పెట్టుకునేవారు, కావాలంటే విడిగా కొనుక్కోవాల్సి వచ్చేది. ఇది విన్నాక నేను మారు మాట్లాడకుండా రెండో లైను కూడా ఒప్పుకున్నాను. ఇప్పుడు అడిగితే, సోర్స్‌కి విడిగా డబ్బు అడగడం న్యాయమే అంటాను. అసలు ఇవ్వనని పని అయిపోయాక చెప్పడమే అన్యాయం. అలాగే ముందు ఒక్క మాట అనకుండా, అంతా అయ్యాక "సోర్స్ ఫైల్ కూడా పంపెయ్యండి" అని ఫ్రీగా అడిగే క్లయింట్లదీ తప్పే, నేనూ అదే చేశాను కాబట్టి చెప్తున్నా.

ఇంకో సంగతి కూడా ఆవిడ దగ్గరే తెలుసుకున్నాను. ఫైల్ మన చేతికొచ్చినంత మాత్రాన కాపీరైట్ వచ్చినట్టు కాదు. ఉద్యోగి చేసిన పని మామూలుగా యజమానిది అవుతుంది గానీ, ఫ్రీలాన్సర్ చేసినది చాలా దేశాల్లో రాతపూర్వకంగా రాసిచ్చేదాకా చేసినవాళ్లదే. అమెరికాలో 1914లో మొదలైన ఏఐజీఏ అనే డిజైనర్ల సంఘం తయారుచేసిన నమూనా ఒప్పందంలో కూడా క్లయింట్‌కి అందే ఫైనల్ పని, మధ్యలో వేసిన డ్రాఫ్టులు, డిజైనర్ పనిముట్లు వేర్వేరుగా రాసి ఉంటాయి. మా ఒప్పందం రెండు పేజీలే. లోగో హక్కులు పూర్తి డబ్బు అందిన రోజు నుంచి మావి, కేటలాగ్ ఫైల్‌ని మేం మార్చుకోవచ్చు, వేరేవాళ్లతో మార్పించుకోవచ్చు, కానీ ఆ లేఅవుట్‌ని ఇంకొక వ్యాపారానికి అమ్మకూడదు, మేం మార్చిన వెర్షన్ మీద ఆవిడ పేరు వెయ్యకూడదు. ఈ చివరిది నాకు బాగా నచ్చింది. ఎవరో పాడుచేసిన పేజీ తన పేరు మీద తిరుగుతుందేమో అన్న టెన్షన్ చాలామంది డిజైనర్లకి ఉంటుంది, దానికి ఒక్క వాక్యంతో సరిపోయింది.

ఇక అప్పగింత. చివరి వాయిదా కట్టిన నాలుగో రోజు లింక్ వచ్చింది. అందులో ఇన్‌డిజైన్ (పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్) ఫైల్ ఒక్కటే పడేసి ఊరుకోలేదు, ప్యాకేజ్ చేసి ఇచ్చారు. అంటే ఫొటోలన్నీ లింక్స్ ఫోల్డర్‌లో, ఫాంట్లు ఇంకో ఫోల్డర్‌లో, వాటితో పాటు ఐడీఎమ్ఎల్ ఫైలూ (అదే కేటలాగ్‌ని పాత ఇన్‌డిజైన్‌లోనూ తెరవగలిగే రూపం), పీడీఎఫ్ కూడా. ఎవరైనా మీకు ఉత్త ఇన్‌డిజైన్ ఫైల్ ఇస్తే అది సోర్స్ ఫైల్ ఇచ్చినట్టు కాదని గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తెరిచేసరికి ఫొటోలు మసకగా, ఫాంట్ లేని అక్షరాలు గులాబీ రంగు పట్టీల మీద కనిపిస్తాయి. ఫాంట్ల విషయంలో ఆవిడ ముందుచూపు మెచ్చుకోవాలి. అడోబీ ఫాంట్స్ (ఇన్‌డిజైన్ కంపెనీ వాళ్ల ఆన్‌లైన్ ఫాంట్ల సర్వీస్) లోంచి తీసుకున్నవి ప్యాకేజ్‌లోకి కాపీ అవ్వవు, డబ్బు పెట్టి కొన్న ఫాంట్‌ని ఇంకొకరికి ఇవ్వడానికి లైసెన్స్ మామూలుగా ఒప్పుకోదు, అందుకని మొదటి నుంచే ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉన్నవే (ఉచితంగా వాడుకుని, ఇంకొకరికీ ఇవ్వగలిగినవి) వాడారు. మూడు స్టాక్ ఫొటోలు (వెబ్‌సైట్లలో లైసెన్స్‌తో అమ్మే రెడీమేడ్ ఫొటోలు) మాత్రం మమ్మల్నే మా అకౌంట్‌లో కొనమన్నారు, లైసెన్స్ మా పేరు మీద ఉండాలని. లోగో ఇలస్ట్రేటర్ ఫైల్, ఎస్‌వీజీ, పీడీఎఫ్, పీఎన్‌జీ అన్నీ ఉన్నాయి. ప్రింట్‌కి సీఎంవైకే రంగుల్లో వేరు, స్క్రీన్‌కి ఆర్‌జీబీ రంగుల్లో వేరు, ఒకే రంగులో స్టాంప్ కోసం ఇంకొకటి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. స్టైల్స్‌కి పీ1, పీ2బి, పీ3 అని పేర్లు పెట్టారు, ఏది రేటుదో ఏది మొక్క పేరుదో చెప్పే నోట్ ఎక్కడా లేదు, ఒక పూట అంతా క్లిక్ చేసి చూసుకుంటే గానీ అర్థం కాలేదు. ఇంత డబ్బు తీసుకున్నప్పుడు ఒక పేజీ నోట్ రాసి పెట్టాల్సింది. డౌన్‌లోడ్ లింక్ ఏడు రోజులకే ఆగిపోతుందని కూడా మెయిల్ అడుగున చిన్నగా రాశారు, నేను ఊరెళ్లి ఉంటే అంతే సంగతులు. ఇంకొకటి, ఫైల్ కొత్త వెర్షన్‌లో సేవ్ చేశారు, ప్రెస్‌లో ఉన్న పాత ఇన్‌డిజైన్‌లో అది తెరుచుకోలేదు. ఐడీఎమ్ఎల్ ఉండబట్టి బయటపడ్డాం, అది పాత వెర్షన్లలోనూ తెరుచుకుంటుంది, ఇన్‌డిజైన్ లేనివాళ్లు అఫినిటీ అనే వేరే సాఫ్ట్‌వేర్‌లో కూడా తెరుచుకోవచ్చు. మీరు డిజైనర్‌ని అడిగేటప్పుడు ఐడీఎమ్ఎల్ కూడా కావాలని పేరు పెట్టి అడగండి.

నా రేటింగ్ 5కి నాలుగున్నర. ఆ అర మార్కు నోట్ రాయనందుకు. మీకు పెళ్లి కార్డు, ఒకసారి వేసి వదిలేసే పోస్టర్ లాంటివైతే సోర్స్ కోసం విడిగా డబ్బు పెట్టకండి, మంచి పీడీఎఫ్ చాలు. లోగో అయితే వెక్టర్ ఫైల్ లేకుండా చివరి వాయిదా కట్టొద్దు. ఏటా మారే కేటలాగ్, మెనూ, రేట్ల పట్టిక లాంటివైతే సోర్స్ ఫైల్ సంగతి పని మొదలవ్వకముందే రాసుకోండి.

ఈ సీజన్ రేట్లు నేనే మార్చాను, ఇన్‌డిజైన్ ఒక నెల సబ్‌స్క్రిప్షన్ తీసుకుని. గులాబీల పేజీలో క్లిక్ చేస్తే ఈసారి కర్సర్ వచ్చింది, 8 చెరిపి 9 కొట్టాను, అదే ఫాంట్‌లో, అదే రంగులో పడింది. 19వ పేజీలో ఒక మొక్క పేరు పొడుగైపోయి పెట్టె మూల ఎర్రటి ప్లస్ గుర్తు వచ్చింది, ఏం చెయ్యాలో తెలీక ఆవిడకి స్క్రీన్‌షాట్ పంపాను. ఒప్పందం ప్రకారం ఇచ్చిన సపోర్ట్ గడువు ఎప్పుడో అయిపోయింది. అయినా పది నిమిషాల్లో జవాబు వచ్చింది: "అక్షరాలు పెట్టెలో పట్టలేదండీ, కింది అంచు పట్టుకుని కొంచెం లాగండి." లాగాను, ప్లస్ పోయింది.