‘ఫీజేమీ లేదు సార్’: తిరుపతిలో ఆరేళ్లు వాడిన వెల్త్ మేనేజ్‌మెంట్ సేవ

కంపెనీ పేరు రాయడం లేదు, కింద చెప్పే పద్ధతి ఆ ఒక్క కంపెనీదే కాదు కాబట్టి.

‘మీ దగ్గర ఫీజేమీ తీసుకోం సార్’ అనేది మొదటి రోజు మాట. బిల్లు రాదన్నది నిజమే. కానీ మ్యూచువల్ ఫండ్లన్నీ రెగ్యులర్ ప్లాన్‌లో, అంటే డిస్ట్రిబ్యూటర్ (మధ్యవర్తి) ద్వారా కొనే రకంలో పెడతారు, వాళ్ల కమీషన్ ఎన్‌ఏవీ (ఫండు యూనిట్ విలువ) లోంచే రోజూ తరుగుతూ పోతుంది. మధ్యవర్తి లేకుండా నేరుగా కొనే డైరెక్ట్ ప్లాన్‌తో ఖర్చులో తేడా 0.8 శాతమైతే కోటి మీద ఏడాదికి 80 వేలు. మార్చి, సెప్టెంబర్ ముగిశాక వచ్చే అర్ధసంవత్సర కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్ (ఫండ్లన్నిటి లెక్క ఒకేచోట ఉండేది) తెరవండి. ఒక్కో ఫండు మీద డిస్ట్రిబ్యూటర్‌కి ఎంత ముట్టిందో రూపాయల్లో ఉంటుంది. చాలామంది మొత్తం విలువ చూసి మూసేస్తారు.

వీళ్లు అమ్మే ఇంకొకటి పీఎంఎస్, అంటే మన పేరు మీదే షేర్లు కొని నడిపే పోర్ట్‌ఫోలియో సేవ. ఇందులో కనీసం 50 లక్షలు పెట్టాలి. 2.5 శాతం ఫిక్స్‌డ్ ఫీజంటే ఏడాదికి 1,25,000. 18 శాతం జీఎస్టీతో 1,47,500. నష్టమొచ్చిన ఏడాది కూడా కట్టాల్సిందే. లాభంలో వాటా పద్ధతైతే అగ్రిమెంట్‌లో ‘హర్డిల్’, ‘క్యాచప్’ అనే మాటలు వెతకండి. హర్డిల్ అంటే అంత లాభం దాటితేనే వాళ్లకి వాటా, క్యాచప్ అంటే దాటాక హర్డిల్ లోపలి లాభం మీద కూడా వాటా. 50 లక్షలు 60 అయ్యాయి, హర్డిల్ 10 శాతం, వాటా 20 శాతం అనుకుందాం. క్యాచప్ లేకపోతే హర్డిల్ దాటిన 5 లక్షల మీద లక్ష కడతాం. పూర్తి క్యాచప్ ఉంటే మొత్తం 10 లక్షల మీద 2 లక్షలు. మా రిలేషన్‌షిప్ మేనేజర్ (మా ఖాతా చూసే కంపెనీ మనిషి) క్యాచప్ మాటే ఎత్తలేదు, సంతకానికి ముందు మేమే అడిగి దాన్ని తీయించుకున్నాం.

కాగితాల పని మాత్రం బాగా చేస్తారు: కేవైసీ, నామినీ మార్పు, ఆడిటర్‌కి క్యాపిటల్ గెయిన్స్ లెక్క. దీనికి పూర్తి మార్కులు. మేనేజర్లు మాత్రం ఆరేళ్లలో నలుగురు మారారు. వచ్చిన ప్రతివాళ్లూ పాత ఫండు అమ్మి కొత్తది కొనమన్నారు.

చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వాళ్లకి ఒక జాగ్రత్త. జూన్, జూలైల్లో తోతాపురి కాయకి డబ్బు చేతిలో ఉండాలి. క్లోజ్డ్ ఎండెడ్ ఏఐఎఫ్‌లో (గడువు తీరేదాకా డబ్బు తీసుకోలేని ప్రైవేటు పెట్టుబడి నిధిలో) కోటి పెడితే ఏళ్ల తరబడి అది కదలదు. సీజన్ డబ్బు త్వరగా వెనక్కి తీసుకోగల లిక్విడ్ ఫండులోనే ఉంచండి.

ఇప్పుడు రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కి మారాలంటే అది అమ్మకం కిందే లెక్క. ఏడాది దాటిన ఈక్విటీ ఫండ్లలో ఏటా 1.25 లక్షలు మించిన లాభం మీద 12.5 శాతం పన్ను పడుతుంది. మేం కొత్త సిప్‌లు (నెలనెలా కట్టే పెట్టుబడులు) డైరెక్ట్‌లో మొదలుపెట్టి, పాతవి ఏటా ఆ పరిమితిలోపే మారుస్తున్నాం.