ఇంటి ముందు కాడమల్లి: 11 ఏళ్ల తరువాత

కాడమల్లి పూల వాసన గురించి ఎంత రాసినా తక్కువే అయినా, నేను ఇక్కడ రాయదలచుకున్నది దాని పిలకల గురించి. ఆకాశమల్లి అని కూడా పిలిచే ఈ చెట్టును నడుమెత్తు మొక్కగా తెచ్చి, ప్రహరీ గోడకు ఆరడుగుల లోపల నాటి ఇప్పటికి 11 ఏళ్లయింది. మొదటి ఏడేళ్లూ అడిగినవారికీ అడగనివారికీ దీన్ని పొగుడుతూనే ఉన్నాను. ఆ పొగడ్తలో కొంత భాగాన్ని ఇప్పుడు వెనక్కి తీసుకోక తప్పడం లేదు.

పూల విషయంలో మాత్రం మాట మార్చను. వానలు వెనకబట్టాక కొమ్మల చివర గుత్తులుగా వచ్చే మొగ్గలు చీకటి పడుతుండగా విచ్చుకుంటాయి. సన్నని గొట్టంలా సాగిన ఆ తెల్లని పూలలోని తేనె పొడవాటి నాలుక గల రాత్రి చిమ్మెటలకే అందుతుంది కనుక, వాటిని పిలిచే వాసన కూడా రాత్రివేళకే చిక్కబడుతుంది. తెల్లవారేసరికి నేలంతా పూలే. ఊడ్చే పని రోజూ ఉంటుంది గానీ, వారంలో రెండు మూడు రోజులు ఊడ్చడానికి చేతులు రావు.

నీడ గురించి గతంలో చెప్పినదాన్ని కాస్త సవరించుకోవాలి. ఇంత త్వరగా ఎదిగే చెట్టు మరొకటి లేదని చాలామందితో అన్నాను. ఎదిగిన మాట నిజమే గానీ, అడ్డంగా విస్తరించక నిలువుగా సాగిపోవడం వల్ల మధ్యాహ్నపు నీడలో ఎక్కువ భాగం గోడ అవతల పడుతోంది. పైగా ఇంత వేగంగా పెరిగిన కలప పెళుసుగా ఉంటుంది. ఏడో ఏట ఒక గాలివానకు తొడంత లావు కొమ్మ వంగనైనా వంగకుండా సుద్దముక్కలా విరిగి రేకుల షెడ్డు మీద పడింది.

అసలు కథ మరుసటి ఏడు మొదలైంది. నీటి గొట్టం ఎక్కడో కారుతోందని, చెట్టు మొదలుకు పదడుగుల దూరంలో మోకాలి లోతున కాలువ తవ్వించాము. గునపానికి అడ్డొచ్చిన బొటనవేలంత వేళ్లను తెగనరికి, గొట్టం మార్చి, మట్టి కప్పి మరచిపోయాము. మూడు వారాల తరువాత ఒక ఉదయం చూస్తే, కాలువ పూడ్చిన గీత వెంట, ఎవరో విత్తులు నాటినట్టు, వరసగా లేత పచ్చని మొలకలు లేచి ఉన్నాయి. కలుపు అనుకుని పీకితే పైభాగమే తెగి చేతికొచ్చింది. పది రోజులు తిరగకముందే ఒక్కో చోట రెండు మూడు చొప్పున వచ్చాయి. తెగిన ప్రతి వేరూ ఒక కొత్త చెట్టును లేపడానికి పూనుకుందని అప్పటికి గాని అర్థం కాలేదు. ఆ తరువాత అవి కాలువ దగ్గరే ఆగలేదు. గేటు పట్టా పక్కన ఒకటి, నడవలో టైల్స్ సందులోంచి ఒకటి, పంపు గది గడప కింద నుంచి మరొకటి వచ్చాయి. నడవలో వచ్చినది ఒక టైలును అంగుళం మేర పైకి లేపింది.

కలుపు మందు కొట్టమని సలహా ఇచ్చినవారున్నారు. పిలకలూ తల్లి చెట్టూ ఒకే వేళ్ల మీద బతుకుతున్నప్పుడు, పిలకకు పట్టించిన మందు తల్లికీ చేరే ప్రమాదం ఉంది కనుక ఆ జోలికి పోలేదు. పైపైన కత్తిరించడం వల్ల ప్రయోజనం లేదు. మట్టి తీసి, పిలక వేరుకు అతుక్కున్న చోటు దాకా వెళ్లి, అక్కడి నుంచి చీల్చి లాగితేనే ఆ చోట మళ్లీ రావడం తగ్గుతోంది. అలా లాగినప్పుడు వేరు మీద బొటనవేలి గోరంత తెల్లని మచ్చ మిగలాలి. అది కనిపించకపోతే పని సగమే అయినట్టు. వానాకాలంలో ప్రతి ఆదివారం ఉదయం ఒక గంట ఈ పనికే పోతోంది.

దీని శాస్త్రీయ నామంలోని 'హార్టెన్సిస్' అనే మాటకు తోటలకు చెందినది అని అర్థం. 1782లో ఆ పేరు పెట్టినవారి మనసులో ఉన్న తోట ఎంత పెద్దదో గానీ, మా ఆవరణ అంత పెద్దది కాదు.

చుట్టూ ముప్ఫై అడుగుల మట్టినేల ఉండి, గొట్టాలూ గచ్చులూ దూరంగా ఉన్నవారికి ఈ ఇబ్బందుల్లో సగం తగలకపోవచ్చు. మాలాంటి ఇరుకు స్థలంలో మళ్లీ మొదటి నుంచి నాటే అవకాశం వస్తే, నిదానంగా పెరిగినా కలప గట్టిదైన పొగడనే ఎంచుకుంటానేమో. ఉన్న చెట్టును కొట్టించే ఆలోచన మాత్రం లేదు, ఎందుకంటే దాని పక్క కిటికీ మా అమ్మ పడుకునే గదిది, పూలు వచ్చే రోజుల్లో ఆమె ఆ కిటికీ మూయనివ్వదు. మొదట్లో అడిగినవారందరికీ పిలకలను కుండీల్లో పెట్టి ఇచ్చేదాన్ని. ఇప్పుడు ఎవరైనా అడిగితే, వారి నీటి గొట్టం ఏ పక్క నుంచి వెళుతోందో ముందు కనుక్కుంటున్నాను.