డీజిల్ ఫిల్టర్ మార్చాలంటే సర్వీస్ సెంటరా, షెడ్డా, మన చేతులా?

సాలూరు దాటి కోరాపుట్ వైపు సుంకి ఘాట్ ఎక్కుతుంటే నా పికప్ లాగడం మానేసింది. కింద చదును రోడ్డు మీద బాగానే వచ్చింది. వెనకాల ఉల్లిపాయల లోడు, యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కినా రెండో గేరులో ఈడ్చుకుంటూ పోతోంది. టర్బో పోయిందేమోనని టెన్షన్ పడ్డాను గానీ, తీరా చూస్తే డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయింది. అది మార్పించి నాలుగు నెలలే! షెడ్డులో వదిలి నేను టీకి వెళ్లి వచ్చేసరికి పని అయిపోయింది, కొత్త డబ్బా ఏ కంపెనీదో చూడలేదు, పాతది చూపించమని అడగలేదు, కాబట్టి తప్పులో నా వాటా కూడా ఉంది.

సర్వీస్ సెంటర్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వారంటీ ఉన్న బండయితే అక్కడికే వెళ్లండి, ఒరిజినల్ పార్టు పడుతుంది, బిల్లు చేతికొస్తుంది. కానీ మా ఊరి నుంచి విజయనగరం వెళ్లి లైనులో కూర్చుంటే ఆ రోజు కిరాయి పోయినట్టే.

షెడ్డులో అరగంటలో పంపించేస్తారు. "ఏటి బాబూ, ఫిల్టరేగా" అంటారు. భయమల్లా పాత ఇంజన్ల మీద నేర్చుకున్న రెండు అలవాట్ల గురించే. ఒకటి, కొత్త ఫిల్టరులో క్యాన్ లోంచి డీజిల్ పోసి బిగించడం. మధ్య కన్నంలో పోసింది కాగితం గుండా వడకట్టకుండా నేరుగా పంపులోకి పోతుంది, అంటే ఫిల్టర్ ఏ చెత్తను ఆపాలో దాన్ని మనమే లోపలికి పంపినట్టు. రెండోది పైపుల్లో చేరిన ఎయిర్ తీయడానికి, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల పైపుల నట్లు వదులు చేయడం. కామన్ రైల్ ఇంజన్‌లో, అంటే అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి గట్టి ఒత్తిడితో డీజిల్ అందే రకంలో, ఆ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది, సన్నటి ధార తగిలినా చర్మం చీల్చుకుని లోపలికి దిగుతుంది. దానితో ఆటలొద్దు.

ఇక మన చేతులు. నేను ఇప్పుడు ఇదే చేస్తున్నాను, నిజానికి పెద్ద పనేం కాదు. ఇంజన్ చల్లారాక చుట్టూ దుమ్మంతా తుడవాలి, ఇది మాత్రం బద్ధకించకండి, ఎందుకంటే పైపు ఊడదీశాక లోపల పడిన ఇసుక రేణువు ఇంజెక్టర్ దాకా పోతుంది. కింద గిన్నె పెట్టుకుని పాతది విప్పి, దాని అడుగున నీళ్ల సెన్సర్ ఉంటే కొత్తదానికి మార్చి, రబ్బరు రింగుకు కాస్త డీజిల్ రాసి చేత్తోనే బిగించాలి. స్పానర్‌తో బలం చూపిస్తే రింగు నలిగిపోతుంది. తర్వాత హ్యాండ్ ప్రైమర్, అంటే చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించే చిన్న పంపు, గట్టిపడేదాకా నొక్కాలి. అది లేని బండిలో ట్యాంకు పంపు కరెంటుదయితే, సెల్ఫ్ కొట్టకుండా కీ రెండు మూడుసార్లు ఆన్ చేసి ఆపితే సరిపోతుంది. స్టార్ట్ కాలేదని సెల్ఫ్ అదేపనిగా కొట్టకండి. హై ప్రెషర్ పంపుకు నూనె కూడా డీజిలే, ఎండిపోయి తిరిగితే అరిగిపోతుంది.

పార్టు విషయంలో మాత్రం బేరం వద్దు. చవక ఫిల్టర్, కంపెనీ ఫిల్టర్ రెండూ వాడేశాక హాక్సా బ్లేడుతో కోసి చూశాను: చవకదానిలో కాగితం మడతలు తక్కువ, అంచున గమ్ము లేచిపోయింది. రెంటికీ తేడా వందల్లోనే, ఇంజెక్టర్లు పోతే వేలల్లో.

నా మాట అడిగితే, వారంటీ అయిపోయిన బండికి కంపెనీ కౌంటర్లో ఫిల్టర్ కొనుక్కుని ఇంటి దగ్గరే మార్చుకోవడం మేలు. చేతకాకపోతే అదే ఫిల్టర్ పట్టుకుని షెడ్డుకు వెళ్లండి, కానీ పక్కనే నిలబడండి, టీ తర్వాత తాగొచ్చు. ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో బండి పుస్తకంలో ఉంటుంది.

ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు తీసేయడం మాత్రం ఎవరికీ అప్పగించను. మన వైపు వానాకాలం తేమకి, సగం ట్యాంకుతో రాత్రంతా నిలిపిన బండిలో నీళ్లు పడుతుంటాయి. మొన్న ఫిల్టర్ కింద మర వదులు చేసి ఖాళీ వాటర్ బాటిల్లో పడితే, అడుగున రెండు వేళ్ల మందం నీళ్లు, పైన డీజిల్. స్వచ్ఛమైన డీజిల్ వచ్చేదాకా వదిలి, మర బిగించి, కారడం లేదని చూసుకుని సాలూరు బయల్దేరాను.