సంతాన సాఫల్య కేంద్రాల విజయశాతాలు: అమెరికా సీడీసీ నివేదికపై ఒక సమీక్ష

అమెరికాలో ఐవీఎఫ్ చికిత్సకు, అంటే అండాన్ని శరీరం వెలుపల ఫలదీకరించే పద్ధతికి సిద్ధమయ్యే దంపతులు ఏ కేంద్రానికి వెళ్ళినా మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: మీ సక్సెస్ రేట్ ఎంత? జవాబుగా ఏదో ఒక శాతం వినిపిస్తుంది. అది ఎవరిని, ఏ దశ నుంచి లెక్కపెట్టగా వచ్చిందో మాత్రం అరుదుగా చెబుతారు. ఆ వివరం కావలసినవారికి సీడీసీ అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ కేంద్రాలవారీగా వెలువరించే నివేదిక ఉచితంగా అందుబాటులో ఉంది. ఇంత ఉపయోగకరమైన ప్రజాసేవను మనవాళ్ళలో చాలామంది తెరిచి కూడా చూడరన్న బాధతోనే ఈ సమీక్ష రాస్తున్నాను.

ఈ నివేదికకు మూలం 1992 నాటి చట్టం. అప్పట్లో ప్రతినిధుల సభలో సభ్యుడిగా ఉన్న రాన్ వైడెన్ చొరవతో వచ్చిన ఆ చట్టం ప్రకారం, అండాలను గానీ పిండాలను గానీ శరీరం వెలుపల ఉంచి చికిత్స చేసే ప్రతి కేంద్రం తన సైకిళ్ళ, అంటే ఒక్కో చికిత్సా ప్రయత్నం, వివరాలను ఏటా సీడీసీకి తెలియజేయాలి. 1995లో జరిగిన చికిత్సలపై మొదటి నివేదిక 1997లో వెలువడింది. వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపే ఐయూఐ పద్ధతి దీని పరిధిలోకి రాదు. వివరాలు పంపని కేంద్రాలకు చట్టంలో గట్టి శిక్ష ఏమీ లేదు గానీ, వాటి పేర్లను విడిగా ప్రకటిస్తారు. ఆ జాబితాను చూడటం కూడా ఎంపికలో ఒక భాగమే అని నా అభిప్రాయం.

నివేదికలోని అసలు విలువ హారంలో, అంటే ఎంతమందిలో అని లెక్కించే సంఖ్యలో ఉంది. ఒక ఊహాత్మక లెక్క తీసుకుందాం. వందమంది మహిళలు అండ సేకరణ కోసం ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. అండాశయాలు సరిగ్గా స్పందించక పదిమందికి చికిత్స మధ్యలోనే ఆగింది. తొంభైమందికి అండాలు సేకరించారు. వారిలో కొందరి అండాలు ఫలదీకరణ చెందలేదు, కొందరి పిండాలు ఐదారు రోజుల వయసులో చేరుకోవలసిన బ్లాస్టోసిస్ట్ దశకు రాలేదు, ఇంకొందరివి జన్యు పరీక్షలో పనికిరావని తేలాయి. చివరికి అరవై ఐదుమందికి పిండ బదిలీ, అంటే పిండాన్ని గర్భాశయంలో ఉంచడం, జరిగి, ముప్పైమందికి బిడ్డలు పుట్టారు. బదిలీ జరిగినవారినే లెక్కిస్తే విజయశాతం 46. అండ సేకరణ జరిగినవారిని లెక్కిస్తే 33. మొదలుపెట్టిన అందరినీ లెక్కిస్తే 30. మూడు అంకెలూ నిజమే, మూడూ ఒకే కేంద్రానివే. అయితే ఇంకా మొదటి ఇంజెక్షన్ కూడా తీసుకోని మహిళకు వర్తించేది మూడవదే, ఎందుకంటే తాను బదిలీ దాకా చేరుకుంటుందో లేదో ఆమెకు అప్పటికి తెలియదు. ప్రకటనల్లో కనిపించేది తరచుగా మొదటిది. సీడీసీ నివేదిక ఈ మూడు రకాల శాతాలనూ పక్కపక్కనే చూపిస్తుంది. అండ సేకరణ ఉద్దేశంతో మొదలైన ప్రతి ప్రయత్నాన్నీ, మధ్యలో ఆగిపోయినవాటితో సహా, హారంలోకి తీసుకునే పట్టిక అందులో ఉంది. నా దృష్టిలో ముందుగా చదవవలసింది ఆ పట్టికనే.

లవం, అంటే విజయంగా లెక్కించే సంఖ్య, విషయంలోనూ నివేదిక అంతే నిక్కచ్చిగా ఉంటుంది. రక్త పరీక్షలో గర్భం వచ్చినట్టు తేలడం ఒక దశ, స్కానింగ్‌లో గర్భసంచిలో పిండం తిత్తి కనిపించడం మరో దశ, బిడ్డ ప్రాణాలతో పుట్టడం మరో దశ. గర్భస్రావాల వల్ల ఒక్కో దశలోనూ సంఖ్య తగ్గుతూ వస్తుంది, వయసు పెరిగేకొద్దీ ఆ తగ్గుదల మరింత ఎక్కువగా ఉంటుంది. కేంద్రంవారు గర్భధారణ శాతం చెప్పి ఊరుకుంటే, ప్రసవాల శాతం ఎంతని తప్పక అడగాలి. నివేదిక ప్రధానంగా సజీవ జననాలనే విజయంగా పరిగణిస్తుంది. కవలలు పుట్టినా దాన్ని ఒక్క ప్రసవంగానే లెక్కిస్తుంది. ఒకే బిడ్డ పుట్టిన ప్రసవాలనూ, నెలలు నిండి సరైన బరువుతో ఒకే బిడ్డ పుట్టిన ప్రసవాలనూ విడిగా చూపడం నాకు బాగా నచ్చింది. ఒకేసారి రెండు మూడు పిండాలను బదిలీ చేస్తే ఆ బదిలీకి విజయశాతం పెరుగుతుంది, దానితోపాటే నెలలు నిండకుండా పుట్టే కవలల సంఖ్యా పెరుగుతుంది. ఆ తేడాను బయటపెట్టేది ఈ విడి లెక్కే.

ఇంతకుముందు ఎప్పుడూ ఐవీఎఫ్ చేయించుకోనివారి కోసం ప్రత్యేకంగా మరో పట్టిక ఉంది. ఒక అండ సేకరణ తర్వాత ఎంతమందికి బిడ్డ పుట్టిందో, రెండింటి లోపు ఎంతమందికి పుట్టిందో అది తెలియజేస్తుంది. డబ్బూ ఓపికా ఎన్ని ప్రయత్నాలకు సమకూర్చుకోవాలో అంచనా వేసుకోవడానికి ఇంతకన్నా తిన్నని ఆధారం నివేదికలో లేదు.

సొంత అండాలతో చికిత్స చేయించుకున్నవారి ఫలితాలను నివేదిక వయసులవారీగా విభజిస్తుంది: 35 ఏళ్ళ లోపు, 35 నుంచి 37, 38 నుంచి 40, ఆ పైన. అన్ని వయసులనూ కలిపి చెప్పిన శాతానికి దాదాపు అర్థం లేదు. దాత అండాలతో చేసిన చికిత్సల ఫలితం స్వీకరించే మహిళ వయసుకన్నా దాత వయసు మీద ఎక్కువగా ఆధారపడుతుంది కాబట్టి, వాటిని వేరే పట్టికలో ఉంచారు. దాత అండాల ఫలితాలను కూడా కలుపుకుని నలభై దాటినవారికి ఆశ చూపే కేంద్రాలను ఈ విభజనతో సులభంగా గుర్తించవచ్చు.

ఇక లోపాలు. వీటిలో ప్రధానమైనది నివేదిక తప్పు కాదు, దాన్ని ర్యాంకుల జాబితాగా చదివే మన అలవాటుది. కేంద్రాలను కేవలం శాతాలతో పోల్చవద్దని సీడీసీ స్వయంగా హెచ్చరిస్తుంది. కారణం స్పష్టం. అండాల నిల్వ తగ్గినవారినీ, ఇతర చోట్ల పలుమార్లు విఫలమైనవారినీ కాదనకుండా చేర్చుకునే వైద్యుల శాతం సహజంగానే తక్కువగా కనిపిస్తుంది. అలాంటివారిని మొదటి సంప్రదింపులోనే దాత అండాల వైపు మళ్ళించే కేంద్రం శాతం ఎక్కువగా కనిపిస్తుంది. ఏయే కారణాలతో వచ్చినవారికి చికిత్స చేశారో, అంటే పురుషుల్లో సమస్య, ఫాలోపియన్ నాళాల సమస్య, గర్భాశయపు లోపలి పొర లాంటి కణజాలం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్, కారణం తెలియనివి, ఇలా ప్రతి కేంద్రానికీ విడివిడిగా శాతాలు ఇస్తారు. ఆ వివరం ఫలితాలకు దూరంగా వేరే భాగంలో ఉండటం వల్ల చాలామంది చూడరు. ఒకే కారణంతో వచ్చిన, ఒకే వయసువారిలో రెండు కేంద్రాల ఫలితాలను పోల్చే వీలు ఉంటే ఈ సేవ ఎంతో మెరుగుపడేది.

చిన్న సంఖ్యల విషయంలో మాత్రం వారి జాగ్రత్తను మెచ్చుకోవాలి. ఒక వయసు వర్గంలో సైకిళ్ళ సంఖ్య ఇరవై కన్నా తక్కువ అయితే శాతానికి బదులు భిన్నం ఇస్తారు. ఇరవై సైకిళ్ళలోనైనా ఇద్దరి ఫలితం అటూఇటూ అయితే శాతం పది మారిపోతుంది. అందువల్ల చిన్న కేంద్రాన్ని ఒక్క ఏడాది అంకెలతో మెచ్చుకోవడమూ తగదు, తోసిపుచ్చడమూ తగదు. మూడు నాలుగేళ్ళ నివేదికలను వరుసగా పెట్టి చూడటం మేలు.

ఆలస్యం మరో ఇబ్బంది. అండ సేకరణ తర్వాత ఏడాదిలోపు జరిగే బదిలీలన్నిటినీ కలుపుకుని, ఆపై ప్రసవం దాకా ఆగి లెక్క తేల్చాలి కాబట్టి నివేదిక చేతికి వచ్చేసరికి అందులోని చికిత్సలు ఏళ్ళ నాటివై ఉంటాయి. ఆ మధ్యకాలంలో కేంద్రంలో వైద్యులో, ప్రయోగశాలలో పిండాలను పెంచే నిపుణులైన ఎంబ్రియాలజిస్టులో మారి ఉండవచ్చు. ఆ మార్పు గురించి నేరుగా అడగడంలో తప్పు లేదు. ఘనీభవింపజేసిన పిండాన్ని ఏడాది దాటాక బదిలీ చేసి బిడ్డ పుట్టినా, ఆ విజయం ఈ లెక్కలోకి రాదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇన్ని పరిమితులు ఉన్నా, కేంద్రం ఇచ్చే కరపత్రానికీ ఈ నివేదికకూ పోలిక లేదని నిస్సంకోచంగా చెబుతాను. సంప్రదింపుకు వెళ్ళేముందు మీ వయసు వర్గానికి చెందిన వరుసను రాసుకుని, అందులోని శాతం మీ పరిస్థితిలో ఎంతవరకు వర్తిస్తుందని వైద్యుడిని అడగండి. ఎందరికి చికిత్స మధ్యలో ఆగుతుందో, ఎందరికి బదిలీ చేయదగిన పిండం ఒక్కటీ మిగలదో కూడా అడగండి. ఓపికగా వివరించే వైద్యుడు దొరికితే, నాలుగైదు శాతాల తేడాకన్నా నేను దానికే ఎక్కువ విలువ ఇస్తాను.

ఆందోళన కలిగించే విషయం మరొకటుంది. 2025 ఏప్రిల్‌లో సీడీసీలో జరిగిన ఉద్యోగాల తొలగింపులో ఈ గణాంకాలను చూసే చిన్న బృందాన్ని కూడా తీసివేశారు. సార్ట్ అనే వృత్తి సంఘం తన సభ్య కేంద్రాల ఫలితాలను వయసులవారీగా విడిగా ప్రకటిస్తుంది, ప్రాథమిక అంకెలను కొంత ముందుగానే ఇస్తుంది కూడా. అయితే దేశంలోని కేంద్రాలన్నీ అందులో సభ్యులు కావు, సభ్యత్వం ఐచ్ఛికం. సభ్యులు కాని కేంద్రాల విషయంలో సీడీసీ నివేదికలే ఆధారం కాబట్టి, మీరు పరిశీలిస్తున్న కేంద్రానికి సంబంధించిన పట్టికలను ఇప్పుడే దించుకుని భద్రపరచుకోండి.