న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో ‘హార్స్ రైడింగ్’ బుక్ చేస్తున్నారా? ఆగండి, ముందు ఇది చదవండి

హోటల్ రూములో కూర్చుని రాస్తున్నాను. ఒళ్లు మండిపోతోంది, రాతలో తప్పులుంటే సర్దుకోండి. మొత్తం 300 డాలర్లు పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచండి, కూతురి ముందూ నాన్న ముందూ పెద్ద వెధవనయ్యాను. మంట దానికి.

ఏ యాప్‌లో బుక్ చేశావని అడక్కండి, పేరు రాయను. పది శాతం కూపన్ అంటూ మన వాట్సాప్ గ్రూపుల్లో వారానికోసారి తిరుగుతుంటుందే, అదే. అందులో సెంట్రల్ పార్క్ అని కొడితే పైన కనిపించేవాడే. పెద్ద నీళ్ల పక్కన గుర్రమెక్కిన అమ్మాయి, వెనకాల గులాబీ రంగు పూల చెట్లు. గుర్తొచ్చిందా? ఆ ఫొటోకే పడిపోయాను.

మేముండేది డాలస్. అమ్మానాన్నలు తెనాలి నుంచి మొదటిసారి వచ్చారు, న్యూయార్క్ చూపిద్దామని నాలుగు రోజులకి తీసుకొచ్చాను. మా ఆవిడకి సెలవు దొరకలేదు. పాపకి తొమ్మిదేళ్లు, రెండేళ్లుగా ప్రతి శనివారం గుర్రపు స్వారీ క్లాసుకి వెళ్తోంది. లండన్‌లో ఉండే మా పిన్ని కూతురు ఆ మధ్య హైడ్ పార్క్‌లో రాటెన్ రో అనే గుర్రాల బాట మీద స్వారీ చేస్తూ ఫొటోలు పెట్టింది. ఇక మా పిల్ల పట్టు పట్టింది. లండన్ పార్కులో స్వారీ ఉందంటే న్యూయార్క్‌లో ఉండదా అనుకున్నాను. అది నా తెలివి. నాకూ పాపకీ రెండు టికెట్లు, ఒక్కోటి 130 డాలర్లు, గంట స్వారీ, ‘రిజర్వాయర్ చుట్టూ’ అని రాసుంది, అంటే ఫొటోలో ఉన్న ఆ పెద్ద నీళ్ల చుట్టూ. ఎవరినైనా అడిగి బుక్ చేయండి అని మా ఆవిడ అంటూనే ఉంది. కూపన్ ఆ రాత్రితో అయిపోతుందని నొక్కేశాను.

పొద్దున పదింటికి 59వ వీధిలో, సిక్స్త్ అవెన్యూ ఎదురుగా నిలబడ్డాం. పాప డాలస్ నుంచి మోసుకొచ్చిన హెల్మెట్ పెట్టుకుంది. బూట్లు, చేతి గ్లవ్స్ కూడా. మెడలో కార్డు, చేతిలో ట్యాబ్‌తో ఒకడొచ్చి పేరు టిక్కు పెట్టుకుని, పదండి అని నేరుగా గుర్రబ్బండి దగ్గరికి తీసుకెళ్లాడు. మేం బుక్ చేసింది బండి కాదు, స్వారీ అన్నాను. ‘ఇవాళ ఎండ సార్. ఎండకి గుర్రాలని పనిచేయించకూడదని సిటీ రూలు. అందుకని స్వారీ బదులు బండి ఇస్తున్నాం, అప్‌గ్రేడ్ అనుకోండి’ అన్నాడు. నేను తలూపాను కూడా! పాపం గుర్రాలు, ఎంత మంచి రూలు అనుకున్నాను.

మా నాన్న మాత్రం కదల్లేదు. మా తాతకి తెనాలి స్టేషన్ దగ్గర జట్కా ఉండేది, నాన్న చిన్నప్పుడు బడికి పోయే ముందు గుర్రానికి ఉలవలు ఉడకబెట్టి పెట్టేవాడట. అప్పటికే ఆయన బండి చుట్టూ తిరిగి గుర్రం డెక్కలు, కళ్లగంతలు, కట్టిన తోలు పట్టీలు అన్నీ చూసేశాడు. వెనక్కొచ్చి, ‘ఏరా, మనిషిని మోసే గుర్రానికి ఎండ తగిలితే, నలుగురెక్కిన బండి లాగే గుర్రానికి తగలదా?’ అన్నాడు.

అప్పుడు కదా నాకు బుర్ర వెలిగింది. రూలు నిజంగానే ఉంది, తర్వాత చూశాను. అది బండి గుర్రాల కోసం పెట్టిన రూలే. 90 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన 32 దాటితే బళ్లు తిప్పకూడదు. ఉక్క ఎక్కువగా ఉంటే అంతకంటే ముందే ఆపాలి. ఇవాళ పొద్దున 74. నాకు స్వెట్టర్ వేసుకోవాలనిపించింది.

అదే అడిగాను. ఇక్కడ చూడండి వాడి తెగింపు. మొహంలో రంగు మారలేదు. ‘సార్, గుర్రం ఉందా? ఉంది. రైడ్ ఉందా? ఉంది. హార్స్ రైడ్. మీ ప్రాబ్లం ఏంటి?’ అన్నాడు. ఫొటో చూపించాను. ఫొటో నమూనా మాత్రమేనట. కింద చిన్న అక్షరాల్లో ‘అందుబాటును బట్టి అనుభవం మారవచ్చు’ అని ఉందట. ఉంది. నిజంగానే ఉంది, రెండు వేళ్లతో లాగి పెద్దది చేస్తే కనపడింది.

సరే, గొడవలో అంతవరకూ మామూలే. తర్వాత వాడు పాప వైపు వంగి, హెల్మెట్ మీద వేలితో టక్ టక్ కొట్టి, ‘బండెక్కడానికి హెల్మెట్ ఎందుకు స్వీటీ, గుర్రం నిన్ను కొరుకుతుందా?’ అని పకపకా నవ్వాడు. పక్కనున్న ఇంకో ట్యాబ్ వాడూ నవ్వాడు. పిల్ల మొహం కందిపోయింది. హెల్మెట్ తీయలేదు, పట్టీ ఇంకా బిగించుకుని నా చొక్కా పట్టుకుని వెనక్కి జరిగింది. అప్పుడు వాణ్ని నాలుగు దులపాలి కదా? నేనేం చేశానో తెలుసా? రీఫండ్ ఎలా అని అడిగాను! ఇప్పుడు ఇది రాస్తుంటే అనాల్సిన మాటలన్నీ వరసగా వస్తున్నాయి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ.

రీఫండ్ 24 గంటల ముందు అడగాలట. వాడు గుర్రం లేదని చెప్పిందే అప్పుడైతే, నేను నిన్న ఎలా అడుగుతాను? సర్లే, వచ్చాం కదా, అమ్మ మోకాళ్లు నొప్పులు, బండైనా ఎక్కుదాం అనుకున్నాం. ‘టికెట్లు రెండే, మీరు నలుగురు’ అని ఇంకో 40 డాలర్లు క్యాష్ గుంజాడు. అదీ ఇచ్చాను. ఇచ్చాను మహాశయా, ఇచ్చాను.

ఎక్కి కూర్చున్నాక నాన్న, ‘అక్కడేదో రేట్లు రాసుందిరా’ అన్నాడు. రేటు కార్డు, బండి మీదే. మొదటి 20 నిమిషాలకి 72 డాలర్ల 22 సెంట్లు, ఆ పైన ప్రతి 10 నిమిషాలకి 28 డాలర్ల 89 సెంట్లు. బండి మొత్తానికి, తలకి ఇంత అని కాదు. బండి తోలే పెద్దాయన్ని అడిగితే ఆయనే సిగ్గుపడ్డాడు. ఆ ట్యాబ్ వాళ్లు తన మనుషులు కారట, తన చేతికొచ్చేది కార్డు మీదున్న రేటేనట, మాకు రాసింది 20 నిమిషాలేనట. నేరుగా వచ్చి అడిగి ఉంటే అంతే తీసుకునేవాణ్ని అన్నాడు. అంటే 227 డాలర్ల 78 సెంట్లు ఒక ట్యాబ్‌కీ ఒక నవ్వుకీ. ఆయన తప్పేం లేదు. నాన్నా ఆయనా భాష రాకుండానే గుర్రం గురించి దారంతా మాట్లాడుకున్నారు. దిగాక నాన్న జేబులోంచి పది డాలర్లు తీసి ఆయన చేతిలో పెట్టి, గుర్రం మెడ నిమిరి వచ్చాడు.

రిజర్వాయర్ సంగతా? అది 86వ వీధి దాటాక మొదలవుతుంది. మేం ఎక్కింది 59లో. ఇరవై నిమిషాల్లో ఆ దరిదాపులకి కూడా వెళ్లరు. ‘ఆ ఫొటోలో చెరువేదీ?’ అని అమ్మ రెండుసార్లు అడిగింది.

మధ్యాహ్నం ఐదంటే ఐదు నిమిషాలు వెతికితే మొత్తం దొరికింది. ఈ ఐదు నిమిషాలు మొన్న వెతికుంటే! పార్కుకి దగ్గర్లో వెస్ట్ 89వ వీధిలో క్లేర్‌మాంట్ రైడింగ్ అకాడమీ అని ఉండేదట, 1892 నాటి కట్టడం. జనం అక్కడ గుర్రం అద్దెకి తీసుకుని దాని మీదే పార్కులోకి వెళ్లేవాళ్లు. 2007 ఏప్రిల్‌లో మూసేశారు. నాకు తట్టిన ఆలోచన అప్పుడే పాతబడిపోయిందన్నమాట. గుర్రాల కోసం వేసిన మట్టి బాట మాత్రం ఇప్పటికీ ఉంది, నాలుగు మైళ్లకి పైనే. సాయంత్రం పాపని తీసుకెళ్లి చూపించాను. పరిగెత్తేవాళ్లు, కుక్కల్ని తిప్పేవాళ్లు. గుర్రం ఒక్కటీ కనపడలేదు. ‘లండన్‌లో అక్కకి ఎలా దొరికింది నాన్నా?’ అంది. అక్కడ హైడ్ పార్క్ పక్క సందులోనే గుర్రాలశాల ఉంది తల్లీ, మీ నాన్న అది చూసుకోలేదు అన్నాను.

మీకు చెప్పాల్సింది పెద్దగా ఏమీ లేదు. బండెక్కాలనుంటే నేరుగా బండాయన దగ్గరికే వెళ్లండి, కార్డు చదివి, ఎన్ని నిమిషాలో ఎక్కకముందే మాట్లాడుకోండి. మధ్యలో ట్యాబ్ పట్టుకుని ఎవడొచ్చినా వద్దనండి. నిజంగా స్వారీయే కావాలంటే బ్రూక్లిన్‌లో ప్రాస్పెక్ట్ పార్క్ పక్కన గుర్రాలశాల ఉంది. వాళ్లకి ఫోన్ చేసి, జీను మీద కూర్చునేదేనా అని ఆ మాటే వాడి అడగండి. మాకు రేపే ఫ్లైటు, మా పిల్లకి ఆ యోగం లేదు.

యాప్ వాడికి మూడుసార్లు రాశాను, మీ అనుభవానికి రేటింగ్ ఇవ్వండి అని జవాబొచ్చింది. నలభై క్యాష్ ఎలాగూ గంగలో కలిసినట్టే. మిగతా 260 వెనక్కి ఇప్పించమని క్రెడిట్ కార్డు వాళ్ల దగ్గర ఇప్పుడే డిస్ప్యూట్ పెట్టాను. కొన్నది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి అనడానికి ఆధారం ఉంటే పంపమన్నారు. బండిలో తాతకీ నాన్నమ్మకీ మధ్య హెల్మెట్ పెట్టుకుని, గ్లవ్స్ వేసుకుని, మూతి ముడుచుకుని కూర్చున్న పాప ఫొటో పంపాను.